మూడు నెమళ్లు, ఒక ఏనుగు

వదినె, దండం. ఎట్లున్నవ్?

నువ్వు పోయి ఏడాది నిండిపాయె. మొన్న బుధవారం నీ సంవత్సరీకం చేసినం. కర్ఖేలి నుంచి మీవోళ్లంత అచ్చిన్రు. నీ విస్తర్ల జొన్నరొట్టె, పుంటికూర, ఇంత పచ్చి ఉల్లిగడ్డ పెట్టిన. తీపి ఏం పెట్టలేదని మీ చిన్నమ్మ మూతి తిప్పింది. నీకు తీపి పడదని ఆమెకేం తెలుసు?

నీకు చదువు రాదు, నాకు తెలుగు అంతంత మాత్రమే. మరాఠీ బడిల చదివినదాన్ని. ఈ అక్షరాలు మా నాయన కిన్వట్‌ల కట్టెకోత మిషిని కాడ పని చేసుకుంట పలక మీద నేర్పినయి. తప్పులుంటె ఉండనియ్, పట్టేటోళ్లెవరున్నరు? నోటితోటి చెప్పలేని మాటొకటి పదహారేండ్ల నుంచి కడుపుల పెట్టుకొని తిరిగిన. నీ ముంగట కూసొని చెప్దామని ఎన్నిసార్లు నోరు తెరిచిన్నో... తెరిచి, ఆవలించినట్లు చేసి ఊకున్న. అందుకే ఈ కాయితం.

ముందుగాల ఇంటి సంగతి చెప్త. నీ తమ్ముడు మంచిగున్నడు. మిల్లుల పని నడుస్తున్నది. బీడీలు తగ్గించిన అంటడు, జేబు తడిమితె కట్ట దొరుకుతది. మన సునీత పదోది పాసయింది వదినె! నువ్వు తెచ్చిన ఆ వంకర మేజ మీదనే చదివింది. కునుకు పట్టి తల వాలిస్తె మేజ టక్కుమని ఒరుగుతదట, ఇది ఉలిక్కిపడి లేస్తదట. మేజకున్న ఆ పొట్టి కాలుకు చెక్క ముక్క పెడుతనంటె నువ్వెందుకు వద్దన్నవో ఇప్పుడు తెలిసింది.

ఇగ అసలు మాట.

నేను కోడలుగ అచ్చినప్పుడు మనకున్నయి రెండే అర్రలు, మీద రేకులు. మొగడు పోయినంక నువ్వు తమ్ముణ్ని ఎంటవెట్టుకొని నాందేడ్‌కచ్చి, జిన్ను మిల్లుల పత్తి మోసి వాణ్ని సాదినవ్, పెండ్లి చేసినవ్. ఇంట్ల సామానంటె ఏముండె? ఒక నులక మంచం, ఒక రేకు పెట్టె, గోడకు ఆనించి మనిషంత పొడుగు చెక్క. నాలుగు మూలలకు ఇత్తడి పట్టీలు. దాని ముంగట బొంతలు పేర్చి ఉండె.

చేయి పెట్టంగనే టేకు అని తెలిసింది నాకు. అడివి కాడ పుట్టినదాన్ని, కట్టె వాసన నాకు చెప్పాల్నా? గని ఇంత మంచి చెక్క ఊకెనే గోడకెందుకున్నదని నిన్నడగలె. దాని పక్కన గోనెసంచిల కట్టిపెట్టిన ఇత్తడి గొలుసుల దిక్కు అసలే చూడలె.

రెండో ఏడు నువ్వు జొన్నకోతలకని కర్ఖేలి పోయినవ్. ఎనిమిది దినాలు ఇల్లు నాదే. గప్పుడచ్చింది గిన్నెలామె, నెత్తి మీద గంప, గంప నిండ స్టీలు. ఆ దినాలల్ల ఎవరి ఇంట్ల చూసినా ఇత్తడి బయటికి పోవుడే, స్టీలు లోపలికచ్చుడే గద. పక్కింటి కమలాబాయి గూట్ల ఏడు స్టీలు డబ్బలు వరుసగ పెట్టి, తలుపు బార్లా తెరిచి మరీ వంట చేసేది. నాకు మనసు నిలుస్తదా?

సొట్టబడ్డ బిందె తెచ్చిన. రెండు చెంబులు తెచ్చిన. తూకానికి చాల్లె. గిన్నెలామె కన్ను ఆ సంచి మీద పడ్డది. సంచి నేనే విప్పిన వదినె. ఎవరూ విప్పమనలె, నేనే విప్పిన. నాలుగు గొలుసులున్నయి, ఒక్కొక్కటి నాకన్న పొడుగు, ఒక్కొక్క దాని నడుమ ఒక నెమలి. నాలుగున్నయి కదా, ఒకటి పోతె ఏమైతదనుకున్న. నాలుగిట్ల ఒకటి పోతె మిగిలిన మూడు ఎందుకూ పనికిరావని నా అకల్ లేని తలకాయకు తోచలె.

మూతలున్న డబ్బలు నాలుగు అచ్చినయి.

నువ్వు ఊరి నుంచి అచ్చి, మంచిగ మెరుస్తున్నయే గంగీ, అన్నవ్. దసరా ముంగట గొలుసులు చింతపండు పెట్టి తోముదామని సంచి కుమ్మరించినవ్. లెక్కపెట్టినవ్. మల్లొకసారి లెక్కపెట్టినవ్. నన్నడిగినవ్. నేనేం చెప్పిన్నో యాదికున్నదా? ఎలుకలు ఈడ్చుకపోయినయేమో అన్న.

ఎలుకలు! రెండు చేతులతోటి ఎత్తితె నడుము వంగే గొలుసును!

నువ్వు నా మొకం దిక్కు చూసినవ్. గూట్లెకు చూసినవ్. మల్ల నా మొకం దిక్కు చూసినవ్.

"గట్లయితె మన ఇంట్ల మస్తు బలమున్న ఎలుకలే ఉన్నయి పిల్లా."

గంతే అన్నవ్. తిట్టలె. నీ తమ్మునికి చెప్పలె. ఆ నాడు రెండు దెబ్బలు కొట్టి ఉంటె ఏడ్చుకుంట నిజం చెప్పేదాన్నేమో... నువ్వు కొట్టలె, నేను అబద్ధం మీదనే నిలబడ్డ.

ఆ మాపటికి రొట్టెలు చేసుకుంట నాకు సంగతి చెప్పినవ్. చిన్నప్పుడు కర్ఖేలిల పటేలు వాడాల, అంత పెద్ద ఇంట్ల, పనికి పోయేదానివట. వాడా నడుమ ఊయల. పటేలు భార్య బువ్వ తిని దాని మీద ఒరిగితె నువ్వు మూలకు కూసొని తాడు గుంజాలె. ఆమెకు నిద్ర పట్టేదాక గుంజాలె, పట్టినంక సుత గుంజాలె, ఆగితె లేస్తదాయె. తొమ్మిదేండ్ల పిల్లవు. ఒకనాడు ఆమె లేనప్పుడు ఊయల మీద చేయి పెట్టినందుకే వీపు వాచిందన్నవ్. తర్వాత ఎన్నేండ్లకో నాందేడ్‌ల ఒక పాత వాడా కూలగొట్టి లిలావ్ వేస్తుంటె పోయి, నీ చెవుల కమ్మలు అమ్మి ఆ చెక్కను, నాలుగు గొలుసులను పాట పాడి తెచ్చుకున్నవ్. రేకుల ఇంట్ల వేలాడదీయడానికి ఒక దూలం సుత లేదు. అయినా తెచ్చుకున్నవ్.

"ఒక్కసారి కూసుంట గంగీ. గని నేల మీద కాలు పెట్టి నేను తోసుకోను. ఎవరన్న తాడు గుంజాలె, నేను కూసోవాలె."

నేను గుంజుత వదినె, అని లోపట్నే అనుకున్న. పెంక మీద రొట్టె మాడిపాయె.

మల్ల ఆదివారమే పొద్దుగాల నన్ను లేపినవ్. గొలుసుకు జోడు దేవులాడాలె, లేవు అన్నవ్. అట్ల మొదలాయె మన జునా బజారు. కూలిన వాడాల కట్టె, బదలీ అయి పోయే ఆఫీసర్ల సామాను, ఇరిగినయి, అతికినయి, అన్ని నేల మీద పరిచి అమ్మే ఆ గల్లీల పదహారేండ్లు తిరిగినం మనం. ఎన్ని జతల చెప్పులు అరిగినయో...

మొదట్ల నాకు సిగ్గు. పాత కుర్సి నెత్తిన పెట్టుకొని మన గల్లీలకచ్చినప్పుడు కొంగు ముక్కు దాక గుంజుకున్న. ఎవరో కూసున్న కుర్సిల మనం కూసునుడేందని మూతి ముడిచిన. నువ్వు నవ్వినవ్.

"పొద్దుగాల తాగినవ్ కద గోదారి నీళ్లు, అండ్ల ఎంతమంది తానం చేసిన్రో అడిగినవా?"

నువ్వు సామాను కొనే తీరు నాకు ఇప్పటికీ కండ్ల ముంగట్నే ఉన్నది. ముందుగాల దాన్ని తలకిందులు చేసి చూసేదానివి. మీద ఎవరైన రంగేస్తరు, కింద ఎవరూ వెయ్యరు అనేదానివి. కుర్సి అయితె కూసొని, ఇంటి ముచ్చట్లు చెప్పుకుంట, దుకాన్ల మనిషికి ఇసుగొచ్చేదాక లేచేదానివి కాదు. ఎవరి ఇంట్లకెల్లి అచ్చిందని అడిగేదానివి. కొట్లాడుకొని పంచుకున్న ఇంటి సామానైతె ఎంత మంచిగున్నా ముట్టకపోయేదానివి. కొన్నదాన్ని పసుపునీళ్లతోటి కడిగి, గడప అవతల ఒక దినం ఎండకు పెట్టి, మరునాడే లోపలికి తెచ్చేదానివి.

"ఒక దినం అది మన ఇల్లు చూస్తది, మనం దాన్ని చూస్తం. నువ్వు సుత కొత్తకోడలుగ అట్లనే అచ్చినవ్ కద."

కట్టె నువ్వు చూడు, ఇత్తడి నేను చూస్త, అని పని పంచినవ్. నలుగురిల నా మాటకు ఇలువ ఇచ్చిన మొదటి మనిషివి నువ్వే వదినె. పాత కట్టె, ఇత్తడి అమ్మే ఖాదర్ చాచా దుకాన్ల ఆకుపచ్చ రంగు పూసిన కుర్సి యాదికున్నదా? అందరు దాటిపోయిన్రు. నేను గోటితోటి కింద గీకి వాసన చూసి, లోపల శీషం కట్టె, టేకు లెక్క ఇలువైంది, ఉన్నదన్న. నువ్వు ఇంకో మాట అడగకుంట కొన్నవ్. పగిలిన గాజు ముక్కలతోటి ఇద్దరం మూడు నెలలు గీకినం. చేతులకు గీతలు పడ్డయి, రంగంత రాలిపోయి నల్లటి కట్టె బయటికచ్చినప్పుడు నువ్వు నా వీపు మీద ఒక్కటి చరిచినవ్. ఇప్పుడు ఆ కుర్సిల్నే కూసొని రాస్తున్న.

ఆ ఖాదర్ చాచా నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట అడిగేటోడు, మీ ఇంట్ల ఎలుకలు ఎట్లున్నయని. కట్టె సామాను అమ్మేటోడాయె, ఎలుకల ఫికరు ఉంటది అనుకున్న. మంచిగనే ఉన్నయి చాచా అని చెప్పేదాన్ని. నువ్వు పక్కకు తిరిగి కొంగు నోట్ల పెట్టుకునేదానివి. దగ్గు అనుకున్న.

గొలుసు కోసం పోయినం, కుర్సి తెచ్చినం. గొలుసు కోసం పోయినం, వంకర మేజ తెచ్చినం. ఒక ముల్లు లేని గడియారం, మొకం పొడుగ్గ కనపడే అద్దం, బట్టలు తగిలిచ్చే, చిలుక ముక్కు లెక్క వంగిన గోడ ఖూంటీలు, నీలం పువ్వుల పళ్లెం... అన్నీ అట్లచ్చినయే. నాలుగో గొలుసు తప్ప అన్ని దొరికినయి మనకు.

సునీత కడుపుల ఉన్నప్పుడు తొట్టెల కొన్నం. దాంట్ల ఏడుగురు పెరిగిన్రని అమ్మినామె చెప్తె, అయితె పిల్లలను ఎట్ల నిద్రపుచ్చాల్నో దీనికే ఎక్కువ తెలుసు, అన్నవ్. పిల్లను ఎత్తుకున్నంక ఊకెనే ఒక చేత్తోటి తొట్టెలను ఊపుతుంటె కసిరినవ్.

"ఖాళీది ఊపకు గంగీ. తొట్టెలైనా, ఊయలైనా, మనిషి లేంది ఊపద్దు."

నువ్వు అంత గట్టిగ కసిరింది ఆ ఒక్కసారే. నాకు ఆ మాట పట్టుకున్నది.

ఒకసారి నీ తమ్ముని ఓవర్సీరు భార్య మనింటికచ్చింది గద. పూనా దిక్కు మనిషి. చాయ్ తాగుకుంట చుట్టూ చూసి, ఏ రెండు వస్తువులు ఒక్కతీరుగ లేవు, అయినా అన్ని ఒక్క ఇంటియే అని తెలుస్తున్నది, ఎవరు పెట్టిన్రు ఇట్ల అని అడిగింది. నువ్వు నా దిక్కు చూపిచ్చినవ్. నేను నీ దిక్కు చూపిచ్చిన. ఆమె పోయినంక అన్నవ్...

"ఒక్కతీరుగ ఉండాల్నని లేదు పిల్లా. ఒక్కకాడ ఉండ నేర్వాలె, గంతే."

అది సామాను మాటే అనుకున్న అప్పుడు.

ఊరవతల మనం జాగ తీసుకొని ఇల్లు కట్టుకునేటప్పుడు నువ్వు చేసిన అల్లరికి మేస్త్రి రెండుసార్లు పని ఇడిసిపెట్టి పోయిండు. ఎర్ర అద్దాలు, పచ్చ అద్దాలున్న పాత వాడా కిటికీ ముందే కొని పెట్టినవ్, దాని కొలతకు గోడ కట్టాలె అన్నవ్. ఇంటికి కిటికీ పెడుతరు గని కిటికీకి ఇల్లు కడుతరా అని వాడు నెత్తి కొట్టుకున్నడు. స్లాబు పోసిననాడు తట్టలు మోసుకుంటనే మీదికి చూసి, ఊయల వేలాడదీయడానికి నాలుగు ఇనుప కడీలు పోయించినవ్, ముందు అర్ర నడుమ, కిటికీకి ఎదురుంగ.

గల్లీల ఆడోళ్లు ఊకున్నరా? మొగడు లేని మనిషికి ఊయలేందని చెవులు కొరుక్కున్నరు. నువ్వు బోరింగు కాడ అందరు వినంగనే అన్నవ్...

"మొగడు పోయిండు గని నడుము ఉన్నది కద. నడుముకు తెలుస్తదా?"

ఆ దినం నేను ఎంత నవ్విన్నో. ఇంటికచ్చి అంత ఏడ్చిన సుత. కడీలున్నయి, చెక్క ఉన్నది, మూడు నెమళ్లున్నయి, నాలుగోది నా నాలుగు డబ్బలల్ల కూసొని ఉన్నది. ఆదివారం ఆదివారం నువ్వు ఇత్తడి కుప్పలు తిరగేసుకుంట నెమలి ఉన్నదా అని అడిగితె నేను సుత ఇంకో కుప్ప తిరగేసేదాన్ని. చెప్పేస్త, ఇయ్యాల చెప్పేస్త అనుకునేదాన్ని. నువ్వు తిరిగి చూసి నవ్వేదానివి. ఇగ ఏం చెప్త?

ఖాదర్ చాచా ఏనుగు బొమ్మ ఉన్న గొలుసొకటి తీసి చూపిచ్చిండు నీకు. నువ్వు వద్దన్నవ్. నెమలే కావాలె అన్నవ్. నాకు ఇచిత్రమనిపిచ్చింది. ఒక్కతీరుగ ఉండాల్నని లేదన్న మనిషివి, ఊయల కాడికచ్చేటప్పటికి నెమలికి నెమలే కావాలెనని జిద్దు ఎందుకు పట్టినవ్? అడిగితె, ఇంకో నాలుగు ఆదివారాలు చూద్దాం తియ్, అన్నవ్.

ఆ నాలుగు ఆదివారాలు నిండలె.

ఐదు దినాల జరం. డాక్టరచ్చిండు, సూది ఇచ్చిండు, మందులు రాసిండు. ముందు అర్రల పలంగు మీద పండుకొని నువ్వు మీదికి, కడీల దిక్కే చూసినవ్. నీ కాళ్లు పిసుకుకుంట ఆ దినమన్న చెప్పాల్సింది. చెప్పలె. తెల్లారేటప్పటికి నువ్వు లేవు.

పదో దినం గోదారి ఒడ్డున పిండం పెడితె కాకి రాలె. చెట్టు మీద కూసొని చూస్తున్నది గని దిగలె. నీ తమ్ముడు చేతులు జోడించి, బీడీ మానేస్త అక్కా అన్నడు. రాలె. సునీతను మంచిగ చదివిస్త అన్నడు. రాలె. నేను నోరు తెరవకుంట మొక్కిన... ఏడాది తిరిగేలోపల నీ ఊయల కట్టి తీరుత అని. గప్పుడు దిగింది. బీడీ మాటకే దిగిందని నీ తమ్ముడు ఇప్పటికీ అనుకుంటడు. ఏది నిజమో నాకేం తెలుసు?

మొక్కినంత సులువా కట్టుడు? నెల తిరగకముందే నీ తమ్ముడు సోఫా మాట ఎత్తిండు. మిల్లుల అందరి ఇండ్లల్ల మెత్తటి ఫోము సోఫాలచ్చినయట. చుట్టపోళ్లు సుత అందుకున్నరు... పోయినోళ్ల సామాను ఇంట్ల పెట్టుకోవద్దు, ఆ చెక్కను, మూడు గొలుసులను అమ్మేసి జాగ ఖాళీ చెయ్యమని. ఏడాది దాక ఆగు అన్న. ఏడాదికి ఊయల ఎక్కకపోతె నేనే మోసుకపోయి అమ్మేస్త అన్న. నా కోపం తెలుసు కద నీ తమ్మునికి, ఏడాదికి ఒప్పుకున్నడు.

ఒక్కదాన్నే తిరిగిన వదినె. ప్రతి ఆదివారం. నెమలి గొలుసు కోసం ధర్మాబాద్ పోయిన, మా అమ్మగారింటి దిక్కు పోయినప్పుడు సర్ఖని దాక అడిగిచ్చిన. బజార్ల అందరు ఒక్కదానివే అచ్చినవేంది అని అడుగుతుంటె తల వంచుకొని నడిచిన. నువ్వు లేకుంట ఆ గల్లీ ఎంత పొడుగైందో...

సంవత్సరీకానికి పది దినాలున్నదనంగ ఇగ నాతోటి కాలె. ఖాదర్ చాచా దుకాన్ల, ఆ సామాను నడుమ స్టూలు మీద కూసొని, నీకు చెప్పలేనిదంత ఆయనకు చెప్పిన. గిన్నెలామె, నాలుగు డబ్బలు, ఎలుకలు... అన్ని. చెప్పుకుంట ఎక్కెక్కి ఏడ్చిన. తల ఎత్తి చూస్తె ఆ ముసలాయన నవ్వుతున్నడు! దగ్గచ్చేదాక నవ్విండు.

తర్వాత చెప్పిండు. గిన్నెలామెలు అందరు పాత ఇత్తడి తెచ్చి అమ్మేది ఆ బజార్లనేనట. మన మొదటి ఆదివారం, నేను అద్దాల కాడ నిలబడి నా మొకం చూసుకుంటుంటె, నువ్వు నెమలి గొలుసు గురించి ఆయన్ని అడిగినవట. అచ్చింది బెహన్, అదే వారం భట్టీల పోయింది, కరిగిపోయింది అని ఆయన చెప్పిండట. ఎవరు అమ్మిన్రో, ఎవరింట్ల నుంచి అచ్చిందో సుత చెప్పిండట.

నీకు మొదటి దినమే తెలుసు!

లేని గొలుసును, కరిగిపోయిన గొలుసును, పదహారేండ్లు దేవులాడినవా వదినె?

ఆ నాడు నువ్వు ఆయనతోటి అన్న మాట ఆయన మరిచిపోలె. నాకు అట్లనే చెప్పిండు.

"ఆ పిల్లకు చెప్పకు చాచా. నాకు తెలుసని తెలిస్తె సిగ్గుపడి నా ఎంట బజారుకు రాదు. ఇన్నేండ్లకు నాకొక తోడు దొరికింది."

ఏనుగు గొలుసు సంగతి సుత చెప్పిండు. అది ఆయన నీ కోసమే పక్కకు పెట్టిందట. నేను అటు పోయినప్పుడు ఆయన చెవుల అన్నవట...

"ఊయల కడితె ఇగ ఆదివారాలు ఉండయి కద చాచా. ఇంకో నాలుగు కానియ్."

వదినె, నీ మీద ఎంత కోపమచ్చిందో! బజారు నడుమ నిలబడి నిన్ను తిట్టిన. ఒక్క మాట అంటె నీ సొమ్మేం పోయేది? దొంగ లెక్క నీ ఎనుక నడిచిన పదహారేండ్లు. నువ్వేమో ముంగట నడుచుకుంట నవ్వుకున్నవా? ఎలుకలు ఎట్లున్నయని ఆ చాచా, కొంగు నోట్ల పెట్టుకొని నువ్వు!

ఇంటికచ్చి ఈ ముందు అర్రల నిలబడ్డ. కుర్సి, మేజ, ముల్లు లేని గడియారం, అద్దం, ఖూంటీలు... ఒక్కొక్క దాన్ని ముట్టుకున్న. ఒక్కటి సుత గొలుసు కాదు. అన్ని గొలుసు కోసం పోయి తెచ్చినయే. నేను ఆ గొలుసు అమ్మకపోతె ఇవేవీ ఈ ఇంట్ల లేవు, నువ్వు నేను సుత గిట్ల లేము. వదినె మరదలు లెక్క ఒక పొయ్యి కాడ కొట్లాడుకుంట ఉండేటోళ్లమేమో. నేను చేసిన తప్పుతోటి నువ్వు నాకు ఇల్లు కట్టిచ్చినవ్. నీకు దండం పెట్టాల్నా, తిట్టాల్నా? రెండూ చేసిన ఆ దినం. దండమే ఎక్కువ పెట్టిన.

ఏనుగు గొలుసు తెచ్చి, పసుపునీళ్లతోటి కడిగి, గడప అవతల ఒక దినం ఎండకు పెట్టిన. నాలుగు గొలుసులు చింతపండు పెట్టి తోమిన. సంవత్సరీకానికి ముందునాడు నీ తమ్ముడే నిచ్చెన ఎక్కిండు. గొణుక్కుంటనే ఎక్కిండు. ఏనుగు గొలుసు జానెడు పొట్టిగున్నది, కమ్మరాయన కాడ ఒక ఇనుప కొక్కెం చేయించి కింది కొసకు కలిపినం. మూడు మూలల నెమళ్లు, ఒక మూలకు ఏనుగు. జర ఒరిగినట్లే ఉంటది, ఆ వంకర మేజకు చెల్లెలాయె. నీ తమ్ముడు కిందికి దిగి ఒక్కొక్క గొలుసును గుంజి చూసిండు, సోఫా మాట మల్ల ఎత్తలె. మొకం కడుక్కుంటనని పెరట్లెకు పోయి ఎంతకూ రాలె.

సునీత ఎక్కబోతె ఆపిన. మొదటిది ఎవరిదో దానికి సుత తెలుసు, జరిగి నిలబడ్డది.

ఇయ్యాల ఆదివారం. నీ తమ్ముడు, సునీత బయటికి పోయిన్రు. పొద్దు వాలి, నీ కిటికీ నుంచి ఎర్ర వెలుగు, పచ్చ వెలుగు ఊయల చెక్క మీద పడ్డది. నీ బొంత, నువ్వు కట్టి ఇడిసిన నీలం చీర ముక్కలతోటి కుట్టింది, దాని మీద పరిచిన. కొక్కేనికి తాడు కట్టి, నువ్వు కర్ఖేలిల కూసున్నట్లనే మూలకు కూసొని, తాడు చేతికి చుట్టుకొని గుంజిన. కడీలు కిర్రుమన్నయి. నెమళ్లు కదిలినయి, ఏనుగు కదిలింది. చేతులు నొచ్చేదాక గుంజిన వదినె. నీ కాళ్లు నేలకు తగలనియ్యలె.

ఇగ నుంచి ప్రతి ఆదివారం ఇదే యాళ్లకు గుంజుత. బజారుకు పోయేది సుత మానను, ఏదో ఒకటి దేవులాడుకుంట పోత. సునీతను తీస్కపోత, అది ఏదన్న ఇరగ్గొట్టి అబద్ధం చెప్తె నవ్వుకుంట ముంగట నడుస్త.

ఒక్క మాట వదినె. మనిషి లేంది ఊపద్దని కసిరినవ్ కద నన్ను... యాదికున్నది. నీ మాట నేను దాటలె. ఖాళీ ఊయల నేను ఊపలె.

నీ మరదలు,
గంగామణి